జంప్ లేని ప్లాట్‌ఫార్మర్: ఊపు అదుపు తప్పుతోంది

ప్రశ్న:
48 గంటల గేమ్ జామ్ (గడువులోగా గేమ్ తయారుచేసే ఈవెంట్) కోసం గోడో అనే గేమ్ ఇంజిన్‌లో ఒక ప్లాట్‌ఫార్మర్ (మామూలుగా గెంతుతూ ముందుకెళ్లే గేమ్) చేశాను. జంప్ బటన్ లేదు, బొమ్మ తాడుకి వేలాడుతుంది. నొక్కితే తాడు పొట్టిదవుతుంది, వదిలితే పొడుగవుతుంది. ఊయల మీద పిల్లలు లేచి కూర్చున్నట్టే: అడుగున నొక్కి, చివర్లో వదిలితే ఊపు పెరుగుతుంది. నా మెషీన్‌లో బాగుంది. తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో మూడో ఊపుకే బొమ్మ సీలింగ్ దాటి ఎగిరిపోయింది. వాడికి నవ్వు, నాకు టెన్షన్. రేపే సబ్మిట్ చేయాలి.

జవాబు 1:
తాడు కోడ్ మామూలు ప్రాసెస్ ఫంక్షన్‌లో రాశారా? అది ఫ్రేమ్‌కోసారి, అంటే తెర మళ్లీ గీసిన ప్రతిసారీ నడుస్తుంది; ఆ వేగం మెషీన్‌ని బట్టి మారుతుంది. ఫిజిక్స్ ప్రాసెస్‌లోకి మార్చండి, అక్కడ డిఫాల్ట్‌గా సెకనుకు 60 సార్లే.

ప్రశ్న అడిగినవారు:
అక్కడే ఉంది తప్పు! ఇప్పుడు రెండింట్లో ఒకేలా ఊగుతోంది. కానీ నొక్కినప్పుడల్లా ఒక కుదుపు.

జవాబు 2:
పొడవుని ఒకే టిక్‌లో (ఫిజిక్స్ ప్రాసెస్ ఒక్కసారి నడవడంలో) మార్చేస్తున్నట్టున్నారు. కొన్ని టిక్‌లకు పంచండి. వేగం కూడా సరిచేయాలి: పొడవు, అడ్డంగా పోయే వేగం, ఈ రెండింటి గుణకారం మారకూడదు. తాడు సగమైతే వేగం రెట్టింపు.

ప్రశ్న అడిగినవారు:
8 టిక్‌లకు పంచాను, కుదుపు పోయింది. తమ్ముడు మాత్రం ఎగిరిపోవడమే బాగుందని గొడవ. చివరి లెవెల్‌లో ఒక్క తాడుకి కావాలనే మూడింతల ఊపు పెట్టాను.