రిసెప్షన్‌లో నూడుల్ సూప్ కౌంటర్: బెజవాడ జనం తింటారా, చూసి పోతారా?

కానూరు_అక్క
మా తమ్ముడి రిసెప్షన్ కార్తీకంలో, తాడిగడప వైపు ఒక ఫంక్షన్ హాల్లో. ఏడొందల మంది దాకా వస్తారని అంచనా. తమ్ముడూ, కాబోయే మరదలూ ఇద్దరూ సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. నూడుల్స్ ఎవరికి నచ్చినవి వాళ్లు ఎంచుకుని, పైన కావలసినవి వేసుకుని, వేడి సూప్ పోసుకునే కౌంటర్ ఒకటి పెట్టాల్సిందేనని పట్టుబట్టారు. నాన్న ససేమిరా అంటున్నారు. ఉలవచారూ గోంగూరా పెట్టి పంపితే పదేళ్లు చెప్పుకుంటారు, ఈ నీళ్లెవడు తాగుతాడు అని. క్యాటరర్‌ని అడిగితే ఏదడిగినా "పెట్టేద్దాం మేడమ్" అంటాడు. నాకు భయమంతా ఆ మాటతోనే. మీరైతే పెడతారా?

బ్రాడీపేట_బాబాయ్
ఏందమ్మా ఇది. పెళ్లి భోజనమంటే మనం వడ్డించాలి, వాళ్లు తినాలి. ఇంకో గారె వేసుకోండని విస్తరి మీదికి వంగి మరీ వేసేవాళ్లు. వద్దంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సొచ్చేది. బఫే వచ్చి అది సగం పోయింది. ఇప్పుడు గిన్నె చేతికిచ్చి నువ్వే కలుపుకో అంటే మిగతా సగమూ పోయినట్టే. ఊళ్లో పెద్దాయన వస్తాడు, ఆయనకి మష్రూమ్ ఏదో, టోఫు ఏదో తెలుస్తుందా? తెలియదని నలుగురిలో అడగలేడు. నోరు మూసుకుని పెరుగన్నం దగ్గరికి పోతాడు. అది మర్యాదా?

బెంజ్_సర్కిల్_సిగ్నల్
బాబాయ్, మరి చాట్ కౌంటర్‌కి ఎవరూ ఏమీ అనరే? అక్కడా కారం ఎంత, తీపి ఎంత అని నిలబడి చెప్పించుకుంటాం కదా. లైవ్ దోశె దగ్గర ఉల్లి వెయ్యి, నెయ్యి తగ్గించు అంటాం. పెద్దవాళ్లు కూడా అక్కడే ఉంటారు. పేరు కొత్తదైతేనే మర్యాద గుర్తొస్తోంది.

బ్రాడీపేట_బాబాయ్
చాట్ దగ్గర బండి మనిషి చేసిస్తాడు, చేతికందిస్తాడు. తేడా అదే.

వంటింటి_మనిషి
పెళ్లిళ్ల వంటల్లో సూపర్‌వైజర్‌గా ఉంటాను. మర్యాద సంగతి మీరు తేల్చుకోండి, లెక్క నేను చెబుతా.

రిసెప్షన్‌కి జనం ఎనిమిదికి కమ్ముకుంటారు, తొమ్మిదిన్నరకి పల్చబడతారు. ఆ గంటన్నరలో కౌంటర్ నిలబడితే నిలబడినట్టు. వరుస ఎంత వేగంగా కదులుతుందన్నది, అందులో అందరికంటే ఎక్కువసేపు ఎక్కడ ఆగుతారో దాన్ని బట్టే ఉంటుంది. ఇక్కడ ఆగేది పైన వేసుకునే ఐటమ్స్ దగ్గర. ఇదేంటి, అదేంటి, మా పాపకి కారం వద్దు. మనిషి అక్కడ అరనిమిషం ఆగినా గంటన్నరకి ఒక వరుసలో 180 మందే దాటతారు. ఏడొందల్లో సగం మంది ఇటొచ్చినా 350. కాబట్టి రెండు వరుసలు తప్పవు, రెండింటికీ ఎవరి సూప్ గిన్నె, ఎవరి మనిషి వాళ్లకుండాలి. క్యాటరర్ ఒకే టేబుల్ వేసి రెండు వైపుల నుంచీ రండంటాడు. ఒప్పుకోవద్దు. మధ్యలో సూప్ ఒకటే అయితే అది ఒక వరుసే.

సరుకు: అసలు భోజనం పక్కన పెట్టే ఐటమ్ కాబట్టి చిన్న గిన్నె చాలు. మనిషికి ఎండు నూడుల్స్ 40 గ్రాములు, సూప్ 200 మిల్లీలీటర్లు. 350 మందికి 14 కిలోల నూడుల్స్, 70 లీటర్ల సూప్. పెద్ద గిన్నెలు పెడితే సగం తిని బల్ల కింద పెట్టేస్తారు, తర్వాత ఎత్తేవాడికి తెలుస్తుంది.

నూడుల్స్ రెండు రకాలు మించొద్దు. బియ్యపు నూడుల్స్‌ని మామూలు నీళ్లలో అరగంట నానబెట్టి వార్చి ఉంచుకుంటే, జాలీలో వేసి మరిగే నీళ్లలో 15, 20 సెకన్లు ముంచితే చాలు. గోధుమవైతే ముందే కాస్త పలుకుగా ఉడికించి, చన్నీళ్లలో కడిగి, చుక్క నూనె కలిపి ఉంచాలి. కడగకపోతే ఎనిమిదింటికల్లా ముద్ద. ముందే సూప్‌లో వేసి ఉంచుతానని ఎవడన్నా అంటే వాడిని మార్చండి. నూడుల్స్ ఉబ్బి, సూప్ చిక్కబడి, తొమ్మిదింటికి జావ వడ్డిస్తాడు.

సూప్ మాత్రం పోసేటప్పుడు మరుగుతూనే ఉండాలి. చల్లటి నూడుల్స్, చల్లటి కూరముక్కలు పడగానే వేడి దిగిపోతుంది. గోరువెచ్చగా గంటలు గంటలు ఉంచితే చెడే వస్తువది, 60 డిగ్రీల కిందికి రానివ్వకూడదు. అట్లా మరిగే కొద్దీ ఉప్పు తేలుతుంది. మొదట్లో చప్పగా అనిపించేటట్టు వేసి, మధ్యమధ్యలో వేడినీళ్లు కలుపుతూ రుచి చూసే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషిని ఎవరూ పెట్టరు.

మొగల్రాజపురం_కొండ
ఇవన్నీ సరే, టేస్టింగ్ సాల్ట్ వేస్తారా లేదా? అది లేకుండా ఆ రుచి రాదంటారు, వేస్తే ఆరోగ్యం పాడంటారు.

సింగపూర్_గుంటూరోడు
దాని సంగతి కొంచెం చెప్పనివ్వండి. 1908లో టోక్యోలో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు ఉడికించిన నీళ్లకి అంత రుచి ఎందుకొస్తోందా అని వెతికి గ్లూటమేట్ పట్టుకున్నాడు. అదే టేస్టింగ్ సాల్ట్ అయ్యింది. పండిన టమాటాలో, ఎండబెట్టిన మష్రూమ్‌లో అదే సహజంగా ఉంటుంది. పెళ్లిలో జనం అడుగుతారు కాబట్టి పొడి వేయకుండా ఆ రెండూ దండిగా వేయించండి. గొడవే ఉండదు.

అసలు విషయానికొస్తే, నేను ఉండేది సింగపూర్‌లోనే. కానూరు అక్క గారి తమ్ముడు ఏం చూసి ముచ్చటపడ్డాడో ఊహించగలను. యోంగ్ తావ్ ఫూ అని ఒకటుంటుంది. గిన్నె, పటకారు తీసుకుని టోఫు (సోయాతో చేసే పనీర్ లాంటిది), ఆకుకూర, మష్రూమ్, చేప ఉండలు మనమే ఏరుకుంటాం. ఏ నూడుల్స్ కావాలో, సూప్‌తోనా పొడిగానా చెప్పి గిన్నె కొట్టువాడికిచ్చేస్తాం. ఉడికించి, సూప్ పోసి, మళ్లీ మన చేతికిచ్చేది వాడే. మిగతా నూడుల్ కొట్లలో ఏరుకోవడం కూడా ఉండదు, సన్నవా వెడల్పువా, కారమా కాదా అని నోటితో చెప్పడమే. ఎవరికి వాళ్లే గరిటె పట్టుకుని మరిగే సూప్ పోసుకునే పద్ధతి హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట, నాకు కనపడలేదు. ఎంపిక మనది, చెయ్యి వాళ్లది.

కాబట్టి బాబాయ్ గారి "చేతికందించాలి" అన్న మాటా, తమ్ముడి కోరికా అంత దూరంగా ఏం లేవు.

బ్రాడీపేట_బాబాయ్
ఇది బాగుంది. కానీ ఆ కుర్రాడు తెలుగు మాట్లాడేవాడై ఉండాలి.

వన్‌టౌన్_వ్యాపారి
కార్తీకం అన్నారు, ఎవరూ దాని గురించి మాట్లాడరేం? నెలంతా మాంసం ముట్టని ఇళ్లు మన దగ్గర ఎన్నుంటాయి! సోమవారం పడితే ఇంకా. పైగా మా వన్ టౌన్ నుంచి మార్వాడీలు, జైనులు పిలుపుల్లో ఉంటే వాళ్లలో చాలామందికి ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. పక్కన కోడి ముక్కలు కనపడితే మా అమ్మ ఆ వరుసలోకే రాదు. వెజ్ అని బోర్డు ఎంత పెద్దది పెట్టినా సరే, గరిటె ఒకటే కదా అంటుంది. ఆవిడ అనేదాంట్లో తప్పు లేదు.

ఇంకోటి. నూడుల్స్ పాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొనండి, గుడ్డు కలిసినవి ఉంటాయి. సాసుల్లో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది), ఫిష్ సాస్ కలుపుతారు. కలిపాక వాసన తెలియకపోవచ్చు కాబట్టి శాకాహారులకి తెలియకుండా పెట్టేసినట్టవుతుంది. అది నాకు టేస్టింగ్ సాల్ట్ కంటే పెద్ద విషయం.

మొగల్రాజపురం_కొండ
రెండు కౌంటర్లూ విడిగా పెడితే పోలా? ఒకటి వెజ్, ఒకటి చికెన్.

వంటింటి_మనిషి
పెట్టొచ్చు. అప్పుడు రెండు వరుసలు కాస్తా మూడో నాలుగో అవుతాయి. చికెన్ ఎముకల సూప్‌కి మూడు నాలుగు గంటలు సన్నసెగ మీద కావాలి, వెజ్‌కి గంట చాలు. ఉల్లిపాయ, అల్లం నల్లబడేదాకా కాల్చి, ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న కంకులు, ఎండు మష్రూమ్ వేస్తే చిక్కటి రుచి వస్తుంది. జైనులకి విడిగా ఐదు లీటర్లు, వేళ్ల కూరలేవీ లేకుండా, టమాటా, మొక్కజొన్నతో. మష్రూమ్ కూడా వాళ్లలో చాలామంది తినరు, అడిగి చేయండి. నా ఓటు మాత్రం మొత్తం వెజ్‌కే. చికెన్ కావలసినవాళ్లకి బిర్యానీ ఎటూ ఉంటుంది.

బెంజ్_సర్కిల్_సిగ్నల్
చికెన్ లేని నూడుల్ సూప్ రిసెప్షన్‌లో పెడితే కుర్రకారు ఒక్క ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వియత్నాం వాళ్ల ఫో అనే నూడుల్ సూప్ చూడండి. అందులో పడేది అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, కాల్చిన అల్లం. మన బిర్యానీ మసాలాయే సగం. కోడి ఎముకలతో చేస్తే గుంటూరు వాళ్లకి కూడా పరాయి అనిపించదు. వెజ్‌లో ఆ బలం రాదు.

సింగపూర్_గుంటూరోడు
బ్రదర్, ఫోలో ఎక్కువగా కనపడేది గొడ్డు మాంసపు ఎముకల సూప్. ఆ పేరు బోర్డు మీద రాస్తే ఫోన్‌లో వెతికే కుర్రాడు హాల్లోనే ఉంటాడు, ఐదు నిమిషాల్లో పెళ్లికొడుకు మేనత్త దాకా పోతుంది. వంటకం పేరు రాయకండి. "నూడుల్ సూప్, వెజ్" అని రాసి వదిలేయండి.

గోంగూర_గ్యాంగ్
నాకో ఐడియా. సూప్ బదులు పలచటి ఉలవచారు! నాన్నగారి ముచ్చటా తీరుతుంది, తమ్ముడి ముచ్చటా తీరుతుంది. పైన వెన్న ముక్క.

బ్రాడీపేట_బాబాయ్
అమ్మా తల్లీ. ఉలవలు రాత్రంతా నానేసి, గంటల తరబడి ఉడికించి, ఆ కట్టు ఇగరబెట్టి ఇగరబెట్టి చిక్కబరిస్తేనే ఉలవచారు. పలచన చేస్తే అది గిత్తలకి పోసే ఉలవ నీళ్లు. దాన్ని నూడుల్స్‌లో పొయ్యమాకండి, చేతులెత్తి మొక్కుతా. అన్నంలోకి అన్నంలోకే ఉండనివ్వండి.

వంటింటి_మనిషి
బాబాయ్‌తో ఏకీభవిస్తున్నా. పులుపు ఎక్కువ, చిక్కదనం ఎక్కువ, నూడుల్స్‌కి పట్టి బంక అవుతుంది. మన రుచి కావాలంటే పైన వేసేవాటిలో పెట్టండి. గుంటూరు సన్నం మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచి, వెల్లుల్లితో కాగిన నూనె పోస్తే వచ్చే కారం నూనె ఏ సీసాలోనూ దొరకదు. రంగు కావాలంటే కొంచెం బ్యాడిగి మిర్చి కలపండి. వేయించిన పల్లీలు, బ్రౌన్ ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క. వీటికి ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు, అరనిమిషం కాస్తా పావునిమిషం అవుతుంది. జైనులకి వెల్లుల్లి లేని నూనె విడిగా. మొలకలు పెడితే మరిగే నీళ్లలో ఒకసారి ముంచి పెట్టండి, పచ్చివి వద్దు. పల్లీల గిన్నెకి విడి చెంచా, పడనివాళ్లుంటారు.

పట్టుచీర_ప్రాణం
మగవాళ్లు మాట్లాడుతున్నారు కాబట్టి ఈ సంగతి రాలేదు. కంచిపట్టు కట్టుకుని, ఒక చేతిలో పిల్లాడు, భుజాన బ్యాగు, ఇంకో చేతిలో పొగలు కక్కే గిన్నె. తినేది ఏ చేత్తో? నూడుల్ జారి పడితే చీర మీద కారం నూనె మరక. ఒక పెళ్లిలో మా పిన్నికి ఇదే జరిగింది, ఆవిడ ఆ పెళ్లి గురించి ఇప్పటికీ ఆ చీర పేరుతోనే మాట్లాడుతుంది. కూర్చునే బల్లలు లేకపోతే పెట్టకండి. పొడవాటి నూడుల్స్‌ని కత్తెరతో రెండు ముక్కలు చేసి పెట్టినా చాలు, సంప్రదాయం పాడైపోదు. పుల్లలతో తినమని మా వాళ్లకి ఇవ్వకండి.

వంటింటి_మనిషి
మంచి మాట. ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు 2022 జులై నుంచి నిషేధం. చెక్క ఫోర్కుతో నూడుల్స్ జారిపోతాయి. స్టీలువి అద్దెకి తెప్పించండి, సూప్ చెంచా లోతుగా ఉన్నది చూసి. గిన్నె కూడా పల్చటి కాగితంది వద్దు, వేడికి చెయ్యి కాలుతుంది.

కానూరు_అక్క
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. "చేతికందించాలి" అన్న దగ్గర ఆయన కొంచెం మెత్తబడ్డారు. ఆ ఉలవ నీళ్ల మాటకి బాగా నవ్వారు. ప్రస్తుతానికి అనుకున్నది: పూర్తిగా వెజ్, బియ్యపు నూడుల్స్ ఒకటి, గోధుమ నూడుల్స్ ఒకటి, రెండు వరుసలు, అతిథి చెబుతాడు, కుర్రాడు చేసిస్తాడు. జైనులకి విడిగా చిన్న గిన్నె. ఉలవచారు దాని చోట అది, అన్నం దగ్గర. తమ్ముడు మాత్రం పటకారైనా ఇవ్వరా అని అలిగాడు. చికెన్ గురించి ఇంకా గొడవ నడుస్తోంది. పెళ్లి కార్తీకంలో పెట్టమని వాడే అన్నాడు కాబట్టి నాకైతే జాలి లేదు.

బెంజ్_సర్కిల్_సిగ్నల్
తమ్ముడి ఫ్రెండ్స్ ఎటూ బయట తినే వస్తారు లెండి.

వంటింటి_మనిషి
ఒక్కటి అడగడం మర్చిపోకండి. హాల్ లోపల సిలిండర్ పెట్టనిస్తారా? ఏసీ హాళ్లలో చాలామంది ఒప్పుకోరు. ఇండక్షన్ అంటారు. 70 లీటర్లు మరిగించడానికి ఆ లోడ్ వాళ్ల లైన్ మోస్తుందో లేదో కనుక్కోండి, డీజే, ఏసీ, లైట్లన్నీ దాని మీదే ఉంటాయి.

కానూరు_అక్క
అడిగానండీ. లోపల కుదరదట, పక్కన లాన్‌లో పెట్టుకోమన్నారు.

వంటింటి_మనిషి
అయితే పైన షామియానా వేయించండి. ఫోకస్ లైటు కౌంటర్ నెత్తిన కట్టనివ్వకండి. కాలువలు, పొలాలు దగ్గరున్న చోటు, వెలుగుకి పురుగులొచ్చి తెరిచిన సూప్‌లోనే పడతాయి. లైటు పది అడుగుల అవతల కట్టించి, సూప్ గిన్నెకి సగం తెరుచుకునే మూత అడగండి. క్యాటరర్ "పెట్టేద్దాం మేడమ్" అంటే, మూత ఏదీ చూపించమనండి.