ప్రకృతిని అనుకరించినంత మాత్రాన డిజైన్ పర్యావరణ హితమవుతుందా?

తూనికరాయి:
ప్రకృతిని చూసి చేసిన డిజైన్ అనగానే అది పర్యావరణానికి మేలు చేస్తుందని తేల్చేయడం మామూలైపోయింది. నాకు ఆ లంకె కనబడడం లేదు. బట్టలకు అంటుకునే ముళ్లకాయలను చూసి స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ వెల్క్రో తయారు చేశాడు. ఆలోచన కాయది, సరుకు నైలాన్. కాయ మట్టిలో కలుస్తుంది, వెల్క్రో కలవదు. 2005లో మెర్సిడెస్-బెంజ్ బాక్స్‌ఫిష్ అనే పెట్టెలాంటి చేప ఆకారంలో ఒక నమూనా కారు చూపించింది. గాలి కారును ఎంత అడ్డుకుంటుందో చెప్పే నిరోధక గుణకం 0.19 అన్నారు, ఇది ఎంత తక్కువైతే అంత మేలు కాబట్టి గొప్పదే. చుట్టూ లేచే సుడులే ఆ చేపను నిలకడగా ఉంచుతాయని కూడా చెప్పుకున్నారు. 2015లో పరిశోధకులు తేల్చింది వేరు: నీటి ప్రవాహం దాన్ని నిలకడగా ఉంచదు సరికదా, పక్కకు తిప్పేస్తుంది. పగడపు దిబ్బల మధ్య చటుక్కున మళ్లడానికి ఆ చేపకు కావలసిందీ అదే. రూపం అరువు తెచ్చుకుంటే గుణం వెంట వస్తుందా?

లకుముకి:
రాకపోతే జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ సంగతేమిటండీ? రైలు వేగంగా సొరంగంలోకి దూరితే ముందున్న గాలి నొక్కుకుపోయి, అవతలి చివర ఫిరంగి పేలినట్టు మోగేది. చుట్టుపక్కల వాళ్లకు నిద్ర ఉండేది కాదు. ఇంజనీరు ఎయిజి నకాత్సుకు పక్షులను గమనించే అలవాటుంది. లకుముకి పిట్ట నీళ్లు పెద్దగా చిందకుండా మునిగే తీరు చూసి, 500 సిరీస్ రైలుకు 15 మీటర్ల ముక్కు పెట్టించారు. 1997లో పట్టాలెక్కింది. మోత తగ్గింది, వేగం పెరిగింది, కరెంటు ఖర్చు సుమారు 15 శాతం తగ్గింది. ఇంకేం రుజువు కావాలి?

తూనికరాయి:
కథ సగంలో ఆపేశారు. ఆ ముక్కు పొడవుకు, గుండ్రటి బోగీకి మూల్యం ప్రయాణికులు చెల్లించారు. లోపల ఇరుకు, చివరి బోగీల్లో డ్రైవరు వైపు తలుపే లేదు. తయారీ ఖర్చూ ఎక్కువ. 2007లో వచ్చిన ఎన్700 రైలు ముక్కు దాదాపు 10.7 మీటర్లే, ఆకారం కూడా లకుముకిది కాదు. 2010లో నొజోమి అనే అతివేగపు ప్రధాన సర్వీసుల నుంచి 500 సిరీస్‌ను తప్పించారు. పిట్ట మంచి దారే చూపించింది, కాదనను. అదే చివరి మాట అనుకోవడం దగ్గరే పేచీ.

లకుముకి:
ఎన్700 ముక్కు ఎలా పుట్టిందో మీరూ చెప్పలేదు! జెనెటిక్ అల్గోరిథంతో. కంప్యూటర్లో రకరకాల ఆకారాలను కలిపి, మార్చి, బాగున్నవాటిని మిగిల్చి, మళ్లీ కలిపి. పిట్టను పక్కన పెట్టి, పిట్టను తయారు చేసిన పరిణామ పద్ధతిని పట్టుకున్నారు. అది ప్రకృతి కాదా?

పుట్టమన్ను:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో తెరిచిన ఈస్ట్‌గేట్ సెంటర్ అనే దుకాణాలు, ఆఫీసుల భవనాన్ని ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ చెదపుట్టను చూసి రూపొందించారు. రాత్రి చల్లగాలిని ఫ్యాన్లతో కాంక్రీటు గుండా పంపుతారు, పగలంతా ఆ చలువ గదులకు అందుతుంది, వేడెక్కిన గాలి పొగగొట్టాల్లోంచి పైకి పోతుంది. మామూలు ఏసీ యంత్రాలు లేకుండా నెట్టుకొస్తున్న భవనం. విచిత్రమేమిటంటే చెదపుట్ట అలా పనిచేయదట! పరిశోధకులు స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ 2008లో రాసినదాని ప్రకారం పుట్ట చేసేది గాలి మార్పిడి, ఊపిరితిత్తి చేసే పని లాంటిది. లోపలి వేడిమి చాలావరకు నేల వేడిమి వెంటే నడుస్తుంది. అంటే పుట్టను తప్పుగా అర్థం చేసుకున్నా భవనం మాత్రం చల్లగానే ఉంది. ప్రకృతి అక్కడ గురువు కాదు, ఒక సాకు. నాకైతే ఆ సాకు చాలు.

బంకమాను:
అందరూ ఆకారాల చుట్టే తిరుగుతున్నారు. తయారీ పద్ధతిని, పదార్థాన్ని చూడండి. సాలీడు మామూలు వేడిమిలో, నీళ్ల ఆధారంగా దారం తీస్తుంది. మనం తూటాలను ఆపే కవచాల్లో వాడే కెవ్లార్ దారం తీయాలంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. అమెరికాలోని ఒరెగాన్‌లో కైచాంగ్ లీ అనే శాస్త్రవేత్త, అలల దెబ్బకు కూడా రాయిని వదలని మస్సెల్ ఆల్చిప్పలను చూసి, వాటి ప్రోటీన్‌ను పోలినట్టు సోయా పిండి ప్రోటీన్‌ను మార్చి ప్లైవుడ్ జిగురు చేశారు. అంతవరకు వాడే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు ఇంట్లోని గాలిలోకి విషవాయువు వదులుతూనే ఉంటుంది. ఇది వదలదు. దుకాణాల్లో దొరుకుతున్న సరుకు, ప్రయోగశాల ముచ్చట కాదు.

తూనికరాయి:
బంకమాను గారి ఉదాహరణే నాకు నచ్చింది. అయితే ఆ సోయా జిగురు గట్టిపడటానికి కలిపేది కాగితం తడిసినా చిరగకుండా వాడే రెసిన్, ఎపిక్లోరోహైడ్రిన్ అనే విష రసాయనంతో చేసినది. ఆల్చిప్పకు ఆ డబ్బా అవసరం లేదు. అయినా ఫార్మాల్డిహైడ్ పోవడం చిన్న విషయం కాదు. అక్కడ ఏది తగ్గిందో చూపించగలం. మిగతా చోట్ల మనకు చూపించేది బొమ్మే.

పుట్టమన్ను:
చూపించగలగడమే మీ గీటురాయి అయితే, చేప గురించిన సిద్ధాంతం తప్పినా మీరు తిట్టిన ఆ కారు గెలిచినట్టే కదా? 0.19 అని రాసింది మీరే.

తూనికరాయి:
గాలి పరీక్షలో గెలిచింది. నమూనాగానే మిగిలిపోయింది, అమ్మకానికి రాలేదు. ఆ చేప బొమ్మ కింద నడిచింది డీజిల్ ఇంజనే.