పుట్టాసింగి ఇడితాల్ చిత్రాలను చూడడానికి తోడు ఎక్కడ దొరుకుతుంది?

మేము ఒడిశాలోని బరంపురంలో ఉంటాము. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల కళలను పనివారి ఇళ్ల వద్దనే చూడాలని ఈ చలికాలం బయలుదేరాము. బెల్లగుంఠలో, చేతిలో పట్టుకుంటే నిజం చేపలాగే మెలికలు తిరిగే ఇత్తడి చేపను, పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలను తీరికగా చూశాము. చిక్కంతా లాంజియా సవర గిరిజనులు ఇంటి గోడలపై వేసే ఇడితాల్ చిత్రాల వద్దనే వచ్చింది. రాయగడ జిల్లాలోని గుణుపురం మీదుగా, వారుండే పుట్టాసింగి వైపు రెండు ఆదివారాలు వెళ్లాము. మొదటిసారి మధ్యాహ్నం 2 దాటింది, ఇళ్లన్నీ గొళ్లెం పెట్టి ఉన్నాయి. రెండోసారి ఉదయం 9 గంటలకే చేరినా, మాకు సవర భాష రాదు, ఎర్రమట్టి గోడపై బియ్యప్పిండితో వేసే ఆ చిత్రం పూజకు సంబంధించినది కనుక, అడగకుండా లోపలికి తొంగిచూడడం మర్యాద కాదని వెనుదిరిగాము. అంగళ్లలో అమ్మే గుడ్డమీది నకళ్లు మాకు అక్కరలేదు. ఇంటివారి అనుమతి అడిగి చూపించగల, సవర, తెలుగు రెండూ వచ్చిన తోడు కోసం గుణుపురంలో ఎక్కడ విచారించాలి?