సంస్కారం తీసుకున్నవాళ్ల మధ్య జీతం బాకీ ఉంటే అది సంఘం విషయం కాదా?

ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చి. నెలలో మొదటి ఆదివారం సంస్కారం, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని తలచుకుంటూ బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, ఉంటుంది. ఈసారి బల్ల దగ్గర నా పక్కన మా పంచాయతీలో పారిశుధ్య పని చేసే అక్క మోకరించింది. ఆమె పక్కనే ఆ పని కాంట్రాక్టు తీసుకున్న మా సంఘ పెద్ద. మూడు నెలలుగా ఆమెకు జీతం ఇవ్వాల్సింది ఆయనే. బిల్లులు రాలేదంటారు. ఈ మూడు నెలల్లోనే ఆయన ఇంటి మీద రెండో అంతస్తు లేచింది. పాస్టరు అయ్యగారు ఇద్దరికీ ఒకే రొట్టె విరిచి ఇచ్చారు, ఒకే గిన్నె అందించారు.

ఆరాధన అయ్యాక అక్క చెప్పులు వేసుకుంటూ, "పిల్లాడి హాస్టల్ ఫీజు కట్టాలి, రెండు వేలుంటే సర్దు చెల్లీ" అంది. ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయ్యగారిని అడిగితే, "జీతాల గొడవ లేబర్ ఆఫీసులో తేల్చుకోవాలమ్మా. బల్ల దగ్గరికి తేకూడదు, అది ఆత్మ సంబంధమైనది" అన్నారు. ఆయన మంచివారు, నా పెళ్లి చేసింది ఆయనే. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. మన వేదాంతం నిజంగా అలాగే చెబుతుందా?

జవాబు (కథోలిక సభ్యుడు, విజయవాడ):

సిస్టర్, ఎల్ సాల్వడార్ దేశంలో జరిగింది చెబుతాను. పొలం కూలీల పక్షాన నిలబడిన రుటీలియో గ్రాండె అనే గురువును (ఫాదర్‌ను) 1977 మార్చి 12న కాల్చి చంపారు. ఆస్కార్ రొమేరో అక్కడి అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అయి అప్పటికి నెల కూడా కాలేదు. మార్చి 20 ఆదివారం ఏ విచారణలోనూ (ఊరి చర్చిలోనూ) పూజ ఉండదు, అందరికీ కేథడ్రల్ దగ్గర ఒక్కటే పూజ అని ఆయన ప్రకటించారు. పోపుగారి రాయబారి వద్దన్నా ఆగలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ ఒక్క ఆదివారమైనా భూస్వామి ఒకచోట, కూలీ ఒకచోట సత్ప్రసాదం (మీరు సంస్కారం అనేది) తీసుకునే వీలు లేకుండా చేశారు. 1980 మార్చి 24 సాయంత్రం ఒక ఆస్పత్రి చాపెల్‌లో పూజ చేస్తూ, ప్రసంగం ముగించగానే, ఆయన కూడా తూటాకు బలయ్యారు. 2018లో పునీతుడిగా ప్రకటించారు. బల్ల వేరు, వీధి వేరు అని ఆయన ముందు ఎవరనగలరు?

జవాబు (బాప్టిస్టు సంఘం, ప్రకాశం జిల్లా):

సిస్టర్ బాధ న్యాయమైనదే. కానీ నాకు భయం. కడరాత్రి భోజనానికి యేసును పట్టించిన యూదా కూడా కూర్చున్నాడు. మా ఊళ్లో పంచాయతీ ఎన్నికల పగతో ఒక వర్గానికి బల్ల ఆపేశారు. పదకొండేళ్లయింది, ఆ కుటుంబాలు ఇప్పటికీ గుడి గడప తొక్కలేదు. దయచేసి ఆ అధికారం మనుషుల చేతికి ఇవ్వకండి.

జవాబు (రిటైరైన గురువు, సీఎస్ఐ):

బ్రదర్ భయం నిజమే, నేనూ అలాంటివి చూశాను. కానీ ఈ రొట్టెను "అయోగ్యముగా" తినకూడదని బైబిల్లో ఉన్న మాటను మనం కుదించేశాం. సిగరెట్టు, సినిమా దగ్గర ఆపేశాం. ఆ మాట ఉన్న లేఖలో, మొదటి కొరింథీ 11లో, పౌలు కోప్పడింది దేనికి? కొందరు ముందే కడుపు నిండా తింటుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారని. "శరీరమని వివేచింపక" (ప్రభువు శరీరమని గుర్తించకుండా) తినడం గురించి అన్నది ఆ సందర్భంలోనే. సీఎస్ఐలో కలిసిన ఆంగ్లికన్ సంఘాల 1662 ప్రార్థన పుస్తకంలోనూ ఉంది: పొరుగువాడికి అన్యాయం చేసినవాణ్ణి గురువు పిలిచి, పశ్చాత్తాపపడి నష్టం సరిదిద్దేదాకా బల్లకు రావద్దని చెప్పాలి. 1982లో పెరూలోని లీమాలో వేర్వేరు సంఘాల వేదాంతులు ఒప్పుకున్న పత్రం కూడా, ఆర్థిక, రాజకీయ సంబంధాలను సైతం ఈ భోజనం ప్రశ్నిస్తుందని చెప్పింది.

ముందు పిలవాలి, మాట్లాడాలి. ఆపడం చివరి మెట్టు. ముప్పై ఏళ్లు సంస్కారం ఇచ్చాను. అలా పిలవాల్సిన ఇద్దరిని నేను పిలవలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

గురువుగారి జవాబు అయ్యగారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "శనివారం సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్దాం, నువ్వూ రా" అన్నారు. అక్కకు చెప్పాను. "నా పేరు చెప్పు, భయం లేదు. కానీ నా ఒక్కదానికే ఇప్పిస్తే వద్దు. ఆరుగురం పనిచేస్తున్నాం" అంది. వాళ్లలో నలుగురు మన సంఘం వాళ్లు కాదు. ఆరుగురి పేర్లూ రాసుకున్నాను.