ఏలియన్ 3 నచ్చినవాళ్లు ఉంటే కాస్త దారి చూపించండి

1979 నాటి హాలీవుడ్ అంతరిక్ష హారర్ సినిమా ఏలియన్, 1986లో వచ్చిన దాని రెండో భాగం ఏలియన్స్ రెండూ నాకు ప్రాణం. రెండో సినిమా చివర్లో కథానాయిక రిప్లీ తను కాపాడిన చిన్నపిల్ల న్యూట్‌ని పడుకోబెడుతుంటే, ఇక కలలు కనొచ్చా అని ఆ పిల్ల అడుగుతుంది. ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ తర్వాత 1992లో వచ్చిన మూడో భాగం పెడితే, కథ మొదలవుతూనే న్యూట్, వాళ్లతో పాటు బయటపడ్డ సైనికుడు హిక్స్ ఇద్దరూ పోతారు. న్యూట్ శవపరీక్ష సీన్ దగ్గర రెండుసార్లు ఆపేశాను. మూడోసారి పళ్లబిగువున ఇంకొంచెం ముందుకెళ్లాను. రిప్లీ వచ్చిపడ్డ జైలు గ్రహంలో గుండు గీయించుకున్న ఖైదీలంతా నిలబడి ఉండగా, ఆ రెండు శరీరాలనీ కొలిమిలోకి వదులుతారు. రిప్లీ ముక్కులోంచి రక్తం కారుతుంది. నిజం చెప్పాలంటే ఆ సీన్ నన్ను కదిలించింది. అందుకే వదిలేయబుద్ధి కావట్లేదు.

నా స్నేహితుడేమో దీన్ని సీక్వెల్‌గా కాదు, అన్నీ పోగొట్టుకున్న మనిషి కథగా చూడమంటాడు. ఇంకో స్నేహితురాలు, ముందు సినిమా ఇచ్చిన ఆశని తుంచేశాక ఎంత బాగా తీసినా క్షమించలేనంటుంది. నాకు ఆమె మాటే న్యాయం అనిపిస్తుంది, కానీ మనసు ఇతని వైపు లాగుతోంది.

2003లో డీవీడీకి వచ్చిన అసెంబ్లీ కట్ అనే ఇంకో వెర్షన్ అరగంట పెద్దదట, అందులో ఏలియన్ కుక్కలోంచి బదులు ఎద్దులోంచి పుడుతుందట. సినిమా దర్శకుడు డేవిడ్ ఫించర్ దాని జోలికి రాలేదు కూడా. మొదట తిట్టుకుని తర్వాత మనసు మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ వెర్షన్ చూశారు? న్యూట్ చావుని ఎలా దాటగలిగారు? దయచేసి క్లైమాక్స్ మాత్రం చెప్పకండి.