ఎన్నూరు బ్రిడ్జి కింద మళ్ళీ గాలం వేస్తున్నారు. ఆ చేప తినొచ్చా?

మణలి_మధు
అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున చెన్నైకి ఉత్తరాన ఉన్న ఎన్నూరు బ్రిడ్జి కింద గాలం వేయడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు చమురు నూనె వచ్చి పడ్డాక నా గాలం అటకెక్కింది. పోయిన వారం ఊరికే అటు వెళ్తే పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. చేతులు ఊరుకోలేదు. రెండు గంటల్లో నాలుగు మడవైలు పడ్డాయి, ఒక్కోటి జానెడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, కిరసనాయిలు వాసన లేదు. అయినా మా ఆవిడ వండనంది. పిల్లికి వేస్తే మొత్తం తినేసి ఇంకా కావాలని అరిచింది.

ఇప్పుడు ఆ చేప మనుషులు తినొచ్చా? నీళ్ళు ఎక్కే పోటు మీద వేస్తే మంచిదా, దిగే పాటు మీదా? ఎర ఏం వాడుతున్నారు? రొయ్య ఖరీదని నేను స్తంభాలకు గుత్తులుగా పట్టిన నల్ల ఆలిచిప్పలు గీరి, లోపలి కండ గుచ్చాను. బాగానే కొట్టాయి.

కాసిమేడు_లక్ష్మి
తమ్ముడూ, నాలుగు చేపలకే నీకు ఇంత ఆలోచన. నేను గంప ఎత్తుకుని వీధులు తిరిగేదాన్ని. ఆ డిసెంబర్, జనవరి నెలల్లో గంప దించగానే మొదటి మాట "ఎన్నూరు చేపా?" అనే. నేను తెచ్చింది కాసిమేడు వేలంలో పాడిన వంజరం, నడిసముద్రంలో పట్టింది. అయినా మొప్ప ఎత్తి వాసన చూసి, "వద్దులే అక్కా, ఇవాళ చికెన్ తెచ్చుకుంటాం" అనేవాళ్ళు. ఒకావిడైతే ముక్కలు కొట్టించుకున్నాక వద్దంది. కొట్టిన ముక్కలు ఇంకెవరు కొంటారు? ఆ రోజు మా ఇంట్లో వంజరం పులుసు. అప్పు చేసి తెచ్చిన చేపని ఏడుస్తూ తిన్నాం.

ఒకప్పుడు ఎన్నూరు మండపీత అంటే పది రూపాయలు ఎక్కువే అడిగేదాన్ని. ఇప్పుడు ఆ ఊరి పేరే ఎత్తను.

ముత్తుకూరు_98
మధు గారూ, నేను ముత్తుకూరులో ఫిషరీస్ చదివాను. రొయ్యల చెరువుల్లో పాతికేళ్ళ అనుభవం. మీ పోస్టులో రెండు తప్పులున్నాయి.

మడవై ఆలిచిప్ప కండకు పడదు. అది బురద మీది నాచు, కుళ్ళు మేసే చేప. పిండి ముద్దకు పడుతుంది. మీరు పట్టింది ఇంకేదో అయి ఉంటుంది. బురద మేస్తుంది కాబట్టే నూనె పడ్డ చోట వాసన ముందు మడవైకే పడుతుంది.

రెండోది, ఆ నల్ల ఆలిచిప్ప మన దేశపుది కాదు. దక్షిణ అమెరికా వైపు నుంచి ఓడల వెంట వచ్చింది. ఇక్కడ కాక్కా ఆళి అంటారు. ఎన్నూరులో రొయ్య పోయింది దీని వల్లే. నూనె పేరు చెప్పుకుంటున్నారు గానీ అసలు దొంగ ఇది.

కాట్టుకుప్పం_దేవా
నాకు తెలుగు రాయడం కొంచెం తడబాటు. మా అమ్మది తడ దగ్గర, నేను పుట్టింది ఇక్కడే.

సార్, "నూనె పేరు చెప్పుకుంటున్నారు" అన్నారే, ఆ మాట వెనక్కి తీసుకోండి. కాక్కా ఆళి ఆ తుఫానుకు ముందే వచ్చింది, నిజం. నూనె అబద్ధమా? బకింగ్‌హామ్ కాలువ నుంచి కొసస్తలైయార్ నదిలోకి నల్లగా దిగుతుంటే మేం కళ్ళతో చూశాం. ఇంటి గోడ మీద నడుము ఎత్తున గీత పడింది. సున్నం వేసినా మళ్ళీ తేలుతోంది. పడవ వేసుకుని బకెట్లతో, మగ్గులతో ఎత్తింది మేమే. మొదట్లో చేతికి గ్లౌజు కూడా లేదు. మోచేతుల దాకా దద్దుర్లు. మడ చెట్ల కాండాలకు నల్ల పట్టీ, దాని మీద రెక్కలు అతుక్కుపోయిన గూడబాతు. ఎత్తడం పూర్తి కాకముందే డిసెంబర్ 26వ తేదీ రాత్రి అమ్మోనియా లీకు. పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద పరుగెత్తాం. ఇదంతా ఆలిచిప్ప చేసిందా?

ముత్తుకూరు_98
ఆవేశపడకండి. నూనె రాలేదని నేను అనలేదు. రొయ్య సంగతి మాట్లాడుతున్నాను. వెనామీ చెరువులు కాదు, సహజంగా పెరిగే రొయ్య. అది సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్ల మొగలోంచి (నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) లోపలికి వచ్చి బురదలో దాక్కుని పెరుగుతుంది. ఆ బురద మీద ఈ ఆలిచిప్పలు చాప పరిచినట్టు పరుచుకుంటే రొయ్య ఎక్కడ దూరుతుంది? ఇది సైన్సు.

కాట్టుకుప్పం_దేవా
సైన్సు మీది, కాలు మాది. ఇరుళ గిరిజన ఆడవాళ్ళు తాటాకు బుట్ట పళ్ళతో పట్టుకుని, మెడ లోతు నీళ్ళలో బురద తడిమి రొయ్య పట్టేవాళ్ళు. ఇప్పుడు చెయ్యి పెడితే ఆ చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. అది నాకు మీరు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒకటే. ఆళి లేని చోటు కూడా ఉంది సార్. అక్కడ కాలు పెట్టి తీయండి, ఆ అడుగు గుంటలో నీళ్ళ మీద నెమలి కంఠం రంగు తేలుతుంది. ఇన్నాళ్ళయినా తేలుతుంది. అక్కడా రొయ్య లేదు. దానికి ఏ దొంగ?

తడ_రమణ
ఆళి గొడవ మా పులికాట్ దాకా వచ్చింది. పాడు (వంతులవారీ వేట) లో మా వంతు వస్తుంది, వల కట్టాలి, వల నిండా ఇదే. రొయ్య కిలో, చిప్పలు గంపెడు. దులపడానికి మధ్యాహ్నం అయిపోతుంది. నూనెకు అయితే తమిళనాడు సర్కారు కుటుంబానికి 12,500 ఇచ్చింది, పడవకు 10,000 ఇచ్చింది. చిప్పకు ఎవరిస్తారు? మా వైపు రాయదొరువు మొగ పూడిపోయి నీళ్ళే ఆడక చస్తున్నాం. దాని గురించి ఒక్కరైనా మాట్లాడతారా?

కాట్టుకుప్పం_దేవా
అన్నా, 12,500 ఒక్కసారి. నా వలలు మూడు పోయాయి. నూనె పట్టిన నైలాను వలని కిరసనాయిలుతో కడిగాం, సోడాతో కడిగాం, జిగట వదల్లేదు. నీళ్ళలో వేస్తే చేప దగ్గరికే రాదు. చివరికి కత్తిరించి సీసపు గుండ్లు మాత్రం దాచుకున్నా. ఒక్క కొత్త వల ధర ఎంతో నీకు తెలుసు.

తడ_రమణ
తెలుసు తమ్ముడూ. కోపం నీ మీద కాదు.

హ్యూస్టన్_కిరణ్
హాయ్ ఆల్. నేను ఆయిల్ ఇండస్ట్రీలో 18 ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి కొంచెం బ్యాలెన్స్‌గా చూద్దాం. ముడి చమురు భూమిలో సహజంగా ఉండేదే, దాన్ని తినే బ్యాక్టీరియా సముద్రంలో ఉంది. వేడి నీళ్ళలో ఇంకా త్వరగా తింటుంది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అంత పెద్ద స్పిల్ అయింది. చేపలను ల్యాబ్‌లో పరీక్షించి, ట్రైనింగ్ ఇచ్చిన మనుషులతో వాసన చూపించి, ఏరియా ఏరియాగా మళ్ళీ తెరిచారు. 2014 మార్చిలో మా గాల్వెస్టన్ బేలోనూ బార్జి గుద్దుకుని నూనె పడింది. నేను అక్కడ ఎన్నోసార్లు చేపలు పట్టాను, తిన్నాను, బాగానే ఉన్నాను. టెన్షన్ అవసరం లేదు. పైగా మీ ఎన్నూరు వైపు ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, క్రీక్ (సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే పాయ) తనంతట తాను కోలుకుంటుంది.

కాసిమేడు_లక్ష్మి
బాబూ, అక్కడ వాసన చూడటానికి మనుషుల్ని పెట్టి జీతం ఇచ్చారా? ఇక్కడ ఆ పని మా కొనేవాళ్ళే ఊరికే చేసి పెట్టారు.

కాట్టుకుప్పం_దేవా
ఆ నిషేధం మరబోట్లకి సార్. మా నాటు పడవలకి కాదు. ఆ రెండు నెలలే మాకు కాస్త ధర వచ్చేది.

ముత్తుకూరు_98
కిరణ్ గారూ, బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. మడ అడవి బురదలో వేలెడు లోతు దిగితే గాలి ఆడదు. అక్కడ చిక్కుకున్న నూనె ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, వరద వచ్చి బురద కలిపినప్పుడల్లా పైకి తేలుతుంది. అలాస్కాలో 1989లో ఓడ పగిలిన చోట, దశాబ్దాల తర్వాత కూడా రాళ్ళ కింద తవ్వితే నూనె కనిపించింది. అక్కడ హెర్రింగ్ చేప 1993లో కూలిపోయి ఈనాటికీ పూర్తిగా లేవలేదు. కారణం నూనే అని అందరూ ఒప్పుకోరు, జబ్బు అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ మీరన్నంత సులువు మాత్రం కాదు.

కాట్టుకుప్పం_దేవా
ఇప్పుడు సార్ నా వైపు వచ్చారు.

ముత్తుకూరు_98
నేను ఎవరి వైపూ కాదు.

గాలం_రాజా
ఎన్నూరులో నూనె 2017లోనే పడింది కదా, అప్పటి నుంచే చేప తగ్గింది. జనవరి 28న పోర్టు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి. నేనూ కాలేజీ నుంచి వెళ్ళి ఎర్నావూరులో బకెట్‌తో ఎత్తాను. ఆ చొక్కా ఇప్పటికీ దాచుకున్నా.

కాట్టుకుప్పం_దేవా
తమ్ముడూ, ఎత్తినందుకు దండం. కానీ అది సముద్రం మీద పడి ఒడ్డు వెంట దక్షిణానికి పోయింది. రాళ్ళకు, ఇసుకకు పట్టింది. 2023ది లోపలి నుంచి, కాలువ దారిన వచ్చింది. సముద్రపు అల రాయిని కడుగుతుంది, క్రీక్‌లో కడగడానికి అల ఏది? ఈ రెండూ ఒకటి కావు. పేపర్లు కూడా కలిపేసి రాస్తాయి.

కోరంగి_సత్తిబాబు
నమస్కారమండి. మీరు మడవై అంటున్నది మా వైపు కత్తిపరిగ అనుకుంటానండి. పాసర్లపూడిలో 1995లో గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది, అప్పుడు నేను కుర్రాణ్ణి. రాత్రి పూట మా ఊళ్ళో దీపం అక్కర్లేదు. తర్వాత సముద్రంలో కూడా బావులు, పైపులు. పరిహారం ఎవరికి రావాలి, ఎవరి పేరు లిస్టులో ఉండాలి అని మా రేవులో అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేశారండి. నూనె కడిగితే పోతుందేమో గానీ లిస్టు గొడవ పోదు.

ఇక వాసన సంగతి. పసుపు, కల్లుప్పు, చింతపండు పట్టించి అరగంట ఉంచితే ఏ వాసనైనా పోతుంది. మా అమ్మ చెప్పింది.

కాసిమేడు_లక్ష్మి
బురద వాసన పోతుంది అన్నా, నూనె వాసన పోదు. నేను చేసి చూశాను. నూనె పట్టిన చేప పెనం మీద వేడెక్కాకే అసలు కంపు కొడుతుంది. పచ్చి చేపలో ముక్కుకు అందదు. మధూ, ఒక చిన్న ముక్క ఉప్పు కూడా వేయకుండా మూత పెట్టి ఆవిరి మీద ఉడికించు. మూత తీయగానే తెలిసిపోతుంది. దానికి మసాలా వేసి చూస్తే ఏం తెలుస్తుంది?

హ్యూస్టన్_కిరణ్
లక్ష్మి గారు చెప్పింది కరెక్ట్. ఇక్కడా వండిన చేపకు కూడా వాసన, రుచి చూసేవాళ్ళు.

ముత్తుకూరు_98
వాసన లేకపోతే మంచిదే అనుకోవద్దు. చేపకు కాలేయం ఉంది, నూనెలోని విషాలను కొన్ని వారాల్లో విరిచి పిత్తంతో బయటికి పంపేస్తుంది. ఆలిచిప్ప ఆ పని సరిగా చేయలేదు, నీళ్ళు వడకట్టుకుంటూ అన్నీ దాచుకుంటుంది. కాబట్టి అక్కడి చిప్పలు, గుల్లలు ఎవరూ తినకండి. ఇంకో సంగతి. ఎన్నూరులో నూనె ఒక్కటే కాదు. థర్మల్ బూడిద ఏళ్ళుగా దిగుతోంది. అందులోని లోహాలకు వాసన ఉండదు, ఉడికిస్తే పోవు. నేనైతే పొట్ట, కాలేయం, తల తీసేసి, ఎప్పుడో ఒకసారి తింటాను. చిన్నపిల్లలకూ గర్భిణులకూ పెట్టను.

కాట్టుకుప్పం_దేవా
"ఎప్పుడో ఒకసారి". మేం రోజూ తింటాం సార్. అమ్ముడుపోనిదే మా కూర. బూడిద అన్నారు కాబట్టి చెప్తున్నా. మా నాన్న గెడ పూర్తిగా దించినా నేల తగలదన్న చోట ఇప్పుడు నేను దిగి పడవ తోస్తున్నా. నీళ్ళు మోకాలి దాకానే.

గాలం_రాజా
ఇంతకీ ఆ నాలుగు చేపలు మడవైలేనా? ఫోటో ఉందా?

మణలి_మధు
ఫోటో లేదు. ముత్తుకూరు సార్ చెప్పాక నాకే అనుమానం వచ్చింది. సన్నగా, మూతి కొంచెం ముందుకు, ఒళ్ళు ఇసుక రంగు.

కాట్టుకుప్పం_దేవా
అది కిళంగాన్ అన్నా! ఇరవై ఏళ్ళు గాలం వేసి మడవై, కిళంగాన్ తేడా తెలియదా?

ముత్తుకూరు_98
చెప్పానా లేదా.

నిర్వాహకుడు
పరిహారం లిస్టుల మీద, ఒకరి చదువు మీద ఒకరు వేసుకున్న నాలుగు పోస్టులు తీసేశాం. విషయం మీద ఉండండి.

మణలి_మధు
విషయం నేనే అడిగాను గానీ పోటా పాటా, ఎర ఏది అన్నది ఒక్కరూ చెప్పలేదు.

కాట్టుకుప్పం_దేవా
పాటు సగం దిగాక రా. బ్రిడ్జికి పడమటి వైపు వద్దు, అక్కడ బురదలో ఇంకా ఉంది. మొగ దగ్గర ఇసుక వైపు కూర్చో, సముద్రం నీళ్ళు ఆడే చోటు. కిళంగాన్‌కి ఇసుకలో దొరికే పురుగు పెట్టు. మడవై కావాలంటే మైదా ముద్ద. ఆళి గీరుకుంటే గీరుకో, మంచిదే, కానీ మిగిలింది తిరిగి నీళ్ళలో పడేయకు. ఒడ్డు మీద ఎండలో వేసి వెళ్ళు.

మణలి_మధు
థ్యాంక్స్ అన్నా. మైదాలో ఏమైనా కలపాలా?

కోరంగి_సత్తిబాబు
ఎండు నెత్తళ్ళ పొడి కలపండి బాబూ, పరుగెత్తుకొస్తాయి.

ముత్తుకూరు_98
కలపకండి. నెత్తళ్ళకు పీతలు వచ్చి ఎర కొరికేస్తాయి.

కాసిమేడు_లక్ష్మి
పీత వస్తే మాత్రం వదలకు తమ్ముడూ, నాకు ఫోన్ చెయ్యి.