ఫోను పౌచ్‌కు పట్టిన పొగాకు జిగురు, పసుపు మరకలు, గీతలు ఎలా పోతాయి?

టంగుటూరు_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. టంగుటూరు దగ్గర మా ఊళ్లో మేము పొగాకు వేస్తాం. పచ్చాకు కొట్టేటప్పుడు, కర్రలకు అల్లేటప్పుడు చేతికి పట్టే జిగురు సంగతి ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అంటుకున్నప్పుడు పచ్చగానే ఉంటుంది, సాయంత్రానికి నల్లబడి గోళ్ల సందుల్లో తారులా గట్టిపడుతుంది. చేతులకైతే నూనె రాసి, సబ్బుతో రుద్ది ఎలాగో వదిలిస్తాం. ఫోన్ల విషయమే నాకు దారి తోచడం లేదు.

పనిలో ఉండగా ఫోను మోగితే చేతులు కడుక్కుని తీసే తీరిక ఎవరికీ ఉండదు. కూలీల ఆటో ఎంతవరకు వచ్చిందో, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట ఎలా ఉందో అన్నీ ఫోనులోనే మాట్లాడుకోవాలి. అమ్మ ఫోనుకు లేత నీలం సిలికాన్ పౌచ్ ఉంది. బొటనవేలు ఆనే చోట, కింది అంచు పొడవునా జిగురు నల్లగా పేరుకుంది. దాని మీద దుమ్ము, దూది పోగులు అంటుకుని గరుకుగా తయారైంది. సబ్బు పెట్టి కడిగితే దుమ్ము పోయింది గానీ నలుపు కదల్లేదు.

నాది పారదర్శకంగా ఉండే మెత్తటి పౌచ్. వంట మధ్యలో పట్టుకోవడం వల్ల పసుపు మరకలు పడ్డాయి. అవి కాక పౌచ్ మొత్తం టీ రంగుకు తిరిగింది. అది మురికో, మరకో, ఇంకేదైనా కారణమో తెలియడం లేదు. తమ్ముడి ఫోను వెనక గాజు మీద వెండి రంగులో సన్నటి గీతలు ఉన్నాయి. బ్యారన్ తాళం చెవులు, ఫోను ఒకే జేబులో వేసుకుంటాడు. నాన్నది తోలు ఫ్లిప్ కవరు, అంచులు చెమటకు నల్లబడ్డాయి.

ఒకరు టూత్‌పేస్టు అంటారు, ఒకరు పెట్రోలు అంటారు, ఇంకొకరు గోళ్ల రంగు తుడిచే ద్రవం అంటారు. కొత్తది కొనుక్కోమని మాత్రం చెప్పకండి. అమ్మ ఆ పౌచ్‌కు అలవాటు పడింది, చూడకుండానే బటన్లు తడిమి నొక్కుతుంది. ఉన్న వస్తువును శుభ్రంగా ఉంచుకోవాలన్నది నా పట్టుదల. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కర్నూలురోడ్డు_మెకానిక్:

అమ్మా, ఒంగోలులో నాకు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. పొగాకు పనుల కాలంలో నా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో చాలావాటికి ఈ జిగురు ఉంటుంది. అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు ద్రవం ఈ మూడింటినీ ఫోను దరిదాపులకు రానివ్వకండి. గోళ్ల రంగు తుడిచే సీసాల్లో ఎక్కువగా ఉండేది ఎసిటోన్. గట్టి ప్లాస్టిక్ పౌచ్‌లను పాలికార్బొనేట్‌తో చేస్తారు. ఎసిటోన్ తగిలితే అది తెల్లగా మసకబారి, సన్నటి పగుళ్లిస్తుంది. మరక పోయిందో లేదో చూసేలోపు పౌచ్ పనికిరాకుండా పోతుంది. ఎసిటోన్ లేదని రాసి ఉన్న సీసాల్లో ఇథైల్ ఎసిటేట్ లాంటివి ఉంటాయి. వాటినీ నమ్మవద్దు.

పొగాకు జిగురు నీళ్లకు లొంగేది కాదు. ఆకు మీద ఉండే సన్నటి నూగులోంచి ఊరే జిడ్డు అది. మీరు చేతులకు చేసేదే పౌచ్‌కూ చేయండి. పౌచ్‌ను ఫోను నుంచి పూర్తిగా విప్పి, నల్లబడిన చోట కొబ్బరి నూనె నాలుగు చుక్కలు రాసి ఓ పావుగంట వదలండి. తర్వాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో గుండ్రంగా రుద్దితే జిగురు కరిగి గోధుమరంగు మడ్డిగా పైకి వస్తుంది. ఆ మడ్డిని వెంటనే పాత నూలు గుడ్డతో ఎత్తేయాలి. లేకపోతే అదే మడ్డి పక్కకు పాకి, శుభ్రంగా ఉన్న చోటును కూడా పాడు చేస్తుంది. ఇక గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి జిడ్డు పోయేదాకా కడగండి. రాత్రంతా నూనెలో నానబెట్టడం మాత్రం వద్దు. సిలికాన్ నూనె పీల్చుకుంటే ఆ జిడ్డు ఒకంతట వదలదు, మళ్లీ దుమ్మంతా దానికే చేరుతుంది.

అప్పటికీ నీడలా మిగిలితే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి తడిపి తుడవండి. మా మెకానిక్‌లు ఐపీఏ అంటారు, సెల్‌ఫోన్ల విడిభాగాలు అమ్మే చోట దొరుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ దీనికి బదులు కాదు. అందులో చిక్కదనం కోసం కలిపేవి ఆరిపోయాక బంకగా మిగులుతాయి.

మీ పారదర్శక పౌచ్‌లో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. పౌచ్ అంతటా ఉన్న టీ రంగు మురికి కాదు. ఆ మెత్తటి పౌచ్‌లను టీపీయూ అనే పాలియూరిథేన్ రకంతో చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు, వేడికి ఆ పదార్థమే లోపల మారి పసుపుబారుతుంది. కొత్త పౌచ్‌ను తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే కొన్నింటిలో లేత నీలం ఛాయ కనిపిస్తుంది. పసుపుదనం త్వరగా బయటపడకూడదని ముందే కలిపే రంగు అది. సోడా పెట్టి రుద్దినా, నిమ్మకాయ పెట్టి రుద్దినా టీపీయూ మళ్లీ తెల్లబడదు. తెల్లబరుస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

వంటింటి పసుపు మాత్రం పోతుంది. సబ్బు పెట్టగానే ఆ మరక ఎర్రబడితే కంగారు పడవద్దు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వస్తుంది చూశారా, ఇక్కడ జరిగేదీ అదే. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారుతుంది. నీళ్లతో బాగా కడిగితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. తర్వాత ఐపీఏతో తుడిస్తే చాలావరకు దూదిలోకి దిగుతుంది. మిగిలిన కాస్తా ఎండకు వెలిసిపోతుంది. కానీ టీపీయూ పౌచ్‌ను రోజులకొద్దీ ఎండలో ఉంచితే, పసుపు మరక పోతుంది గానీ పౌచ్ ఇంకా టీ రంగుకు తిరుగుతుంది. పొద్దుటి ఎండ కాసేపు చాలు. అమ్మగారి సిలికాన్ పౌచ్‌కు ఆ భయం లేదు, సిలికాన్ ఎండకు బాగా తట్టుకుంటుంది.

నాన్నగారి తోలు కవరుకు నూనె, ఆల్కహాల్ రెండూ పనికిరావు. ఆల్కహాల్ తోలు పైపూతను, రంగును లాగేస్తుంది. తడి పిండేసిన గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. చెమటకు నల్లబడిన అంచు కొంత తేలికపడుతుంది, పూర్తిగా పోతుందని నేను ఆశ పెట్టను.

చీమకుర్తి_పాలిష్:

మెకానిక్ అన్న చెప్పినదానికి నేను కాదనేది ఏమీ లేదు. గీతల గురించి ఆయన రాయలేదు కాబట్టి అది నేను చెబుతాను. చీమకుర్తిలో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే పని నాది. బ్లాక్ గెలాక్సీ అనే మా నల్ల గ్రానైట్ మీద వెంట్రుకంత గీత ఉన్నా కొనేవాడు పలకను తిప్పి పంపుతాడు. గీతను చూడడమే మా బతుకు.

అక్కా, మీ తమ్ముడి ఫోను మీద ఉన్నది గీత కాకపోవచ్చు. వెండి రంగులో మెరుస్తోందని రాశారు కదా, అదే ఆనవాలు. తాళం చెవిలో ఉండే ఇత్తడి, ఇనుము సాధారణంగా ఫోను గాజు కంటే మెత్తన. మెత్తటిది గట్టిదానికి రాసుకుంటే మెత్తటిదే అరిగి గట్టిదాని మీద పూతగా మిగులుతుంది. పలక మీద బలపం రాత పడేది ఇందుకే. గోటిని గీతకు అడ్డంగా నడిపి చూడండి. గోరు తట్టుకుంటే గాజు తెగినట్టు. తట్టుకోకుండా జారిపోతే చాలావరకు అది లోహపు పూతే. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో వెనక గాజును మెల్లగా రుద్ది, తడి గుడ్డతో తుడవండి, పోతుంది. ముందువైపు తెరకు మాత్రం రబ్బరు పెట్టకండి, దాని పూత అరుగుతుంది.

గాజును నిజంగా కోసేది ఇసుక. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలతలో గాజు 6కు కాస్త అటూ ఇటూగా ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7. తాళం చెవులకంటే జేబు అడుగున ఉండే ఇసుక రేణువులే ప్రమాదం. పౌచ్‌కూ ఫోనుకూ మధ్య చేరిన ఇసుక, ఫోను కదిలినప్పుడల్లా లోపల రాపిడి చేస్తూనే ఉంటుంది. పౌచ్ వేశాం కదా అని ధీమాగా ఉంటారు, విప్పి చూస్తే వెనక గాజంతా మసక. వారానికోసారి విప్పి, దులిపి, తుడిచి మళ్లీ తొడగండి.

టూత్‌పేస్టు సంగతి. గీత అంటే పల్లం. పల్లాన్ని ఏ పేస్టూ పూడ్చదు. చుట్టూ ఉన్న మిట్టను పల్లం మట్టానికి అరగదీస్తేనే గీత కనిపించకుండా పోతుంది. మేము గ్రానైట్‌కు చేసేది అదే. గరుకు రాయితో మొదలుపెట్టి, నంబరు నంబరుకూ నునుపైనది మారుస్తూ మొత్తం పలకను ఒకే మట్టానికి దించుతాం. అర మిల్లీమీటరు పోయినా పలకకు నష్టం లేదు. ఫోను తెరకు అలా చేస్తే మొదట పోయేది వేలిముద్రలు అంటకుండా వేసిన పలచటి పూత. అది పోతే తెర మీద వేలు జారదు, ప్రతి ముద్రా పడుతుంది.

మ్యాట్ ప్లాస్టిక్‌కు కూడా పేస్టు పెట్టకండి. మ్యాట్ అంటే కావాలని గరుకుగా ఉంచిన ఉపరితలం. రుద్దిన చోట నునుపై మెరుస్తుంది, చుట్టూ మ్యాట్‌గానే ఉంటుంది. గీత కంటే ఆ మెరిసే మచ్చ ఎక్కువ కనిపిస్తుంది. అన్ని మరకలకూ పనికొస్తుందని అమ్మే తెల్లటి మ్యాజిక్ స్పాంజీ కూడా సన్నటి ఉప్పు కాగితం లాంటిదే, దాన్నీ దూరంగా పెట్టండి.

ఇందుకూరుపేట_చెరువులు:

మాది నెల్లూరు జిల్లా, రొయ్యల చెరువుల పని. మా ఫోన్లకు జిగురు ఉండదు, ఉప్పు ఉంటుంది. చెరువు నీళ్లు పౌచ్‌లోకి దిగి ఆరిపోతే అంచుల్లో తెల్లటి పొర మిగులుతుంది. దాన్ని పొడి గుడ్డతో రుద్దితే గీతలే. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ముందు మెత్తబరిచి, తర్వాత తుడవాలి. చార్జింగ్ పెట్టే చోట ఉప్పు తడి ఉండగా కేబుల్ పెడితే కరెంటు పారి పిన్నులు తుప్పు పడతాయి. ఫోను నీళ్లకు తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు రాసి ఉందని ధైర్యం చేయకండి, ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. మైపాడు బీచికి వెళ్లి వచ్చేవాళ్లు కూడా ముందు పౌచ్ విప్పి ఇసుక దులపండి, తుడవడం ఆ తర్వాత.

మెకానిక్ గారికి ఒక ప్రశ్న. తెరను ఆల్కహాల్‌తో తుడవవచ్చా, కూడదా? ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు.

కర్నూలురోడ్డు_మెకానిక్:

తుడవవచ్చు, కానీ రోజూ వద్దు. 2020కి ముందు ఆపిల్ సంస్థ కూడా వద్దనే చెప్పేది. కరోనా వచ్చాక, 2020 మార్చిలో, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న తుడుపు గుడ్డతో పైభాగాన్ని మెల్లగా తుడవవచ్చని తన సూచనల్లో చేర్చింది. బ్లీచింగ్ వాడవద్దని కూడా అందులోనే చెప్పింది. ఫోను ఆఫ్ చేయాలి, కేబుల్ తీసేయాలి, ద్రవాన్ని ఫోను మీద చల్లకుండా గుడ్డకే పట్టించాలి. మామూలు రోజుల్లో తెరకు నీళ్లతో కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ సరిపోతుంది. చీమకుర్తి తమ్ముడు చెప్పిన పూత ఎంత మెల్లగా తుడిచినా కొంచెం కొంచెం అరుగుతూనే ఉంటుంది, మనం దాన్ని తొందరపెట్టకపోతే చాలు.

టంగుటూరు_ఆడపడుచు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేశాను. అమ్మ పౌచ్ మీద నలుపు నూనెకే చాలావరకు దిగింది. బటన్ల చుట్టూ ఉన్న సందుల్లో బ్రష్ దూరక కొంత మిగిలితే, చీపురు పుల్లకు దూది చుట్టి ఐపీఏతో తుడిచాను. లేత నీలం మళ్లీ బయటపడింది. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది.

నా పౌచ్‌కు సబ్బు పెట్టగానే నిజంగానే ఎర్రబడింది. ముందే చదివి ఉండకపోతే హడలిపోయేదాన్ని. ఇప్పుడు పసుపు చుక్కలు లేవు, టీ రంగు అలాగే ఉంది, దానితో రాజీ పడ్డాను. తమ్ముడి ఫోను మీద గీతలు రబ్బరుకు పోయాయి, కెమెరా పక్కన ఒకటి మాత్రం గోటికి తట్టుకుంటోంది. అది నిజమైన గీతే అన్నమాట. తాళం చెవులకు వేరే జేబు చూసుకున్నాడు.

ఇంకొక్కటి అడగాలి. అమ్మ ఫోనులో చెవి దగ్గర ఆనించే స్పీకరు జాలీలో జిగురు, దుమ్ము కలిసి అడ్డుపడ్డాయి. అవతలివాళ్ల మాట సన్నగా వినిపిస్తోంది. అక్కడా నూనె రాయవచ్చా?

కర్నూలురోడ్డు_మెకానిక్:

వద్దమ్మా. ఆ జాలీ వెనకే స్పీకరు పొర ఉంటుంది. నూనె లోపలికి దిగితే మాట ఇంకా మందగిస్తుంది. సూది, పిన్నీసు అసలే పెట్టకండి, జాలీ చిరుగుతుంది. ఫోనును బోర్లా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో కింది నుంచి పైపైన దులపండి, రాలిన దుమ్ము కిందికే పడుతుంది. దానికి లొంగకపోతే ఎండి గట్టిపడిందని అర్థం. అప్పుడు మీకు దగ్గరలో ఉన్న మెకానిక్‌కు చూపించండి. ఆ స్పీకరు భాగాన్ని విప్పి జాలీని విడిగా శుభ్రం చేయడమో, మార్చడమో చేస్తాడు. చార్జింగ్ రంధ్రంలో కూడా దూది పోగులు ఇరుక్కుని ఉంటాయి, పనిలో పని అదీ చూడమనండి.